సర్పంచ్ ఎన్నికల ఖర్చు లెక్క: ఊరివాళ్లు ఎట్లా అడగాలి, ఎట్లా సరిచూసుకోవాలి

మాది పరకాల దగ్గర ఒక ఊరు. 2019 జనవరిలో పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు మా చిన్నాయన వార్డు మెంబరుగా నిలబడి పదకొండు ఓట్లతో ఓడిపోయాడు. కరపత్రాలు, ఒక పూట ఆటోకు మైకు, నలుగురికి చాయ్, అంతా కలిపినా ఆయన ఖర్చు ఐదు వేలు దాటలేదు. ఓడిపోయినవాడికి ఇంకా లెక్కలేంది అనుకుని ఆఫీసులో ఇచ్చిన ఖర్చుల రిజిస్టరును అటక మీద పడేశాడు. తర్వాత నోటీసు వచ్చింది, ఇంట్లో ఎవరూ లేరని పక్కింట్లో ఇచ్చి పోయారు, అది ఆయన చేతికి వచ్చేసరికి గడువు దాటింది, చివరికి మూడేళ్లు ఏ ఎన్నికలోనూ నిలబడొద్దని అనర్హత వేశారు. అదే ఎన్నికలో మా కళ్ల ముందు ఇంటింటికీ పైసలు పంచినవాళ్లు మాత్రం శుభ్రంగా ఒక లెక్క రాసి, సంతకం పెట్టి ఇచ్చి హాయిగా ఉన్నారు. ఆ లెక్కలో ఏం రాశారో చూసిన మనిషి మా ఊళ్లో ఒక్కడు కూడా లేడు.

అప్పటి నుంచి నాకు ఇదే పట్టింపు అయింది. సర్పంచ్‌గా నిలబడ్డ ప్రతి మనిషి ఎంత ఖర్చు పెట్టాడో రాసిచ్చిన కాగితం మండల ఆఫీసులో ఉంటుంది, కానీ దాని పక్కన పెట్టి సరిచూడటానికి ఊరి దగ్గర వేరే లెక్క ఉండదు. ఆ రెండో లెక్క మనమే రాసుకోవాలి. ఎట్లా రాయాలో, ఆ మొదటి కాగితం ఎట్లా తెచ్చుకోవాలో, రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏం చేయాలో చెప్తాను. నేను వకీలును కాదు, రెండు ఎన్నికలు ఊళ్లో ఉండి చూసి, ఆఫీసుల చుట్టూ తిరిగి నేర్చుకున్నవే ఇవి.

ముందు పరిమితి గుర్తు పెట్టుకోండి

తెలంగాణలో జనాభా 5,000 దాటిన ఊళ్లో సర్పంచ్ అభ్యర్థి 2.5 లక్షల రూపాయల దాకా ఖర్చు పెట్టవచ్చు, అంతకు తక్కువ జనాభా ఉన్న ఊళ్లో 1.5 లక్షల దాకా. వార్డు మెంబరుకు పెద్ద ఊళ్లో 50,000, చిన్న ఊళ్లో 30,000. ఇక్కడ చూసేది ఓటర్ల సంఖ్య కాదు, జనాభా. మా వైపు ఊళ్లు ఎక్కువ శాతం చిన్నవే కాబట్టి మీకు కావాల్సిన అంకె చాలాసార్లు 1.5 లక్షలే. నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం చెప్పిన రోజు దాకా అయిన ప్రచారం ఖర్చంతా ఇందులోకే రావాలి.

ఇది ఎంత చిన్న అంకెనో ఒకసారి భాగించి చూడండి. 2,300 ఓట్లున్న ఊరనుకుంటే 1.5 లక్షలంటే ఓటరుకు 65 రూపాయలు. అదే ఊళ్లో ఓటుకు ఐదొందల చొప్పున రెండు వేల మందికి పంచితే 10 లక్షలు. ఇంకో లెక్క కూడా వేయండి, ఇది నన్ను అడిగిన ప్రతిచోటా చెప్తుంటాను. 2021లో 30 శాతం పెంచిన తర్వాత సర్పంచ్ గౌరవ వేతనం నెలకు 6,500 అయింది, అరవై నెలలకు 3,90,000. ఇరవై లక్షలు పెట్టి గెలిచిన మనిషి ఆ పైసలు గౌరవ వేతనంలో నుంచి తీసుకోలేడు. సీసీ రోడ్డు బిల్లులో తీసుకుంటాడు, మోరీ బిల్లులో తీసుకుంటాడు, మన ఊరి పైసల్లోనే తీసుకుంటాడు. పంచేటప్పుడు మన ఇంటికొచ్చిన ఐదొందలు ఎక్కడి నుంచి తిరిగి పోతాయో చాలామందికి ఈ లెక్క చెప్తే గానీ తట్టదు.

ఇంకోటి. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. వెనకాల ఏ పార్టీ ఉందో ఊరందరికీ తెలిసినా, కాగితం మీద మాత్రం అభ్యర్థి ఒక్కడే. అసెంబ్లీ ఎన్నికల్లో లాగా ఇది పార్టీ ఖర్చు, నా ఖాతాలో రాయొద్దు అని తప్పించుకునే దారి ఇక్కడ లేదు. ఎమ్మెల్యే వచ్చి ఊళ్లో మీటింగ్ పెడితే ఆ టెంటు, ఆ కుర్చీలు, ఆ మైకు ఎవరి లెక్కలో వచ్చాయని నేరుగా అడగవచ్చు.

నామినేషన్ రోజు నుంచే మొదలుపెట్టండి

నామినేషన్‌తో పాటు ప్రతి అభ్యర్థి ఒక స్వీయ ప్రకటన ఇవ్వాలి. తన మీద కేసులు ఏమున్నాయి, ఆస్తులు ఎంత, అప్పులు ఎంత, ఏం చదివాడు అన్నవి అందులో ఉంటాయి. ఓటరుకు ఇవి తెలుసుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది, 2003లో ఇంకోసారి గట్టిగా చెప్పింది. నామినేషన్లు తీసుకునే కేంద్రం దగ్గర నోటీసు బోర్డు మీద ఈ కాగితాలు అంటించాలి. ఆ రోజే పోయి ఫోన్‌తో ప్రతి పేజీ ఫొటో తీసుకోండి, తర్వాత చూద్దాంలే అనుకుంటే బోర్డు మీద ఇంకో నోటీసు పడుతుంది, కాగితం చిరుగుతుంది. చాలామంది ఈ కాగితాన్ని అక్కడే వదిలేస్తారు గానీ మనకు ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే రెండెకరాల పొలం, లక్షన్నర క్రాప్ లోన్ ఉందని రాసిన మనిషి పదిహేను రోజుల్లో పది లక్షలు బయటికి తీస్తే ఆ పైసలు ఆయనవి కావు, ఇంకెవరో పెట్టారు. ఆ ఇంకెవరో రేపు పంచాయతీ పనులకు కాంట్రాక్టరుగా వస్తాడు.

ఎన్నికల ఖర్చుకు అభ్యర్థి వేరుగా ఒక కొత్త బ్యాంకు ఖాతా తెరవాలి, నామినేషన్ అప్పుడు ఇచ్చిన రిజిస్టరులో ఏ రోజు ఖర్చు ఆ రోజు రాయాలి, బిల్లులు దగ్గర పెట్టుకోవాలి. ఎన్నికల సంఘం వ్యయ పరిశీలకులను కూడా వేస్తుంది. నియమాలన్నీ ఉన్నాయి. పరిశీలకులు ఎన్నో ఊళ్లు చూసుకోవాలి కాబట్టి మీ ఊళ్లో రాత్రి తొమ్మిదింటికి ఎవరి ఇంటి ముందు ఎన్ని డేగిసాలు పెట్టారో వాళ్లకు తెలిసే దారి లేదు. ఆ పని ఊరిదే.

ఊరి నోటుబుక్కు

ఒక వంద పేజీల నోటుబుక్కు కొనండి. దాన్ని ఒక్కరి దగ్గర పెట్టొద్దు, ముగ్గురో నలుగురో కలిసి రాయాలి, అది కూడా ఒకే వాడ వాళ్లు, ఒకే కులం వాళ్లు కాకుండా చూసుకోండి, లేకపోతే ఫలానావాళ్ల మనుషులు రాసిన లెక్క అని రెండో రోజే కొట్టిపారేస్తారు. మహిళా సంఘాల్లో నుంచి ఒక్క అక్క అయినా తప్పకుండా ఉండాలి. రాత్రి ఎవరి ఇంటికి ఏం వచ్చింది, ఏ సంఘానికి ఎంత ముట్టింది అన్నది మగవాళ్ల కంటే ముందు ఆడవాళ్లకే తెలుస్తుంది, ఇది నేను రెండు ఎన్నికల్లో చూశాను.

పేజీకి గీతలు కొట్టి తేదీ, టైము, చోటు, ఏం చూశాం, ఎన్ని, ఎవరు చూశారు అని ఆరు గడులు పెట్టండి. ఆఖరి గడి చాలా ముఖ్యం. విన్నది రాయొద్దు, చూసిందే రాయాలి. "ఫలానా ఆయన యాభై లక్షలు దింపిండట" అన్న మాట బుక్కులోకి ఎక్కితే మిగిలిన బుక్కంతా చెడిపోతుంది. "డిసెంబరు 8, సాయంత్రం ఆరు, బొడ్రాయి దగ్గర, టెంటు ఒకటి, కుర్చీలు సుమారు 200, డీజే బండి ఒకటి, గంటన్నర" అని రాస్తే దాన్ని ఎవరూ కాదనలేరు. వీలైతే ఫొటో, ఫొటోలో ఊళ్లో అందరికీ తెలిసిన గుర్తు ఏదైనా పడేట్టు తీయండి, బడి గోడో, వాటర్ ట్యాంకో, గుడి గోపురమో. మనుషుల ముఖాల కోసం, గొడవల కోసం కెమెరా పట్టుకుని వెంటపడొద్దు, దాంతో ఊళ్లో కయ్యం తప్ప ఏమీ రాదు. మనం లెక్కపెట్టేది వస్తువులను.

ఏమేం రాయాలి అంటే కళ్లకు కనబడేవన్నీ. ఫ్లెక్సీలు ఎన్ని, ఏ సైజు, ఎందుకంటే హనుమకొండలో గానీ పరకాలలో గానీ ఫ్లెక్సీ చదరపు అడుగు లెక్కన కొడతారు కాబట్టి పొడవు వెడల్పు తెలిస్తే ధర తెలిసినట్టే. ప్రచారం ఆటోలు ఎన్ని రోజులు తిరిగాయి. కరపత్రం ఒకటి దాచుకోండి, దాని కింద ప్రింటింగ్ ప్రెస్ పేరు, వేయించినవాళ్ల పేరు ఉండాలి, లేకపోతే అదే ఒక తప్పు. బైక్ ర్యాలీ అయితే బండ్లు లెక్కపెట్టండి, పెట్రోల్ బంకు దగ్గర చీటీల మీద పోయించి ఉంటే అది కూడా రాయండి. డిసెంబరులో ఎన్నికలు వస్తే ఇంకోటి గమనించాలి, ఆ రోజుల్లో పత్తి ఏరడానికి కూలీలు దొరకరు, అట్లాంటిది ఒక పొద్దున వాడకు వాడ మొత్తం పనికి పోకుండా ర్యాలీలో నడిచిందంటే కూలి ఎవరో కట్టినట్టే, తలకు ఎంత ఇచ్చారో పోయినవాళ్లే చెప్తారు. వాళ్ల పేర్లు రాయొద్దు. వాళ్లు ఒక రోజు కూలి పోగొట్టుకోలేని మనుషులు, మన లెక్క వాళ్ల మీద కాదు.

ధరలు మీరు ఊహించి వేయొద్దు. టెంట్ హౌస్‌కు పోయి మా ఇంట్లో ఫంక్షన్ ఉంది, కుర్చీ ఎంత, టెంటు ఎంత, డీజే ఎంత అని అడిగి రాసుకోండి. ఎన్నికలప్పుడు జిల్లా అధికారులు కూడా చాయ్ నుంచి షామియానా దాకా రేట్ల పట్టిక ఒకటి పెట్టుకుని అభ్యర్థుల ఖర్చు లెక్కేస్తారు, మండల ఆఫీసులో ఆ పట్టిక అడిగి తీసుకోండి. మీ లెక్క ఆ పట్టిక ప్రకారం ఉంటే రేపు అధికారి ముందు వాదన ఉండదు.

పంచే పైసలు ఖర్చు లెక్కలో దొరకవు

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఓటుకు పంచిన పైసలు, మందు, చీరలు, వెండి భరిణెలు ఇవి ఏ అభ్యర్థి లెక్కలోనూ రావు, రాయడానికి వీల్లేదు కూడా, ఎందుకంటే అవి ఖర్చు కాదు, నేరం. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 170వ సెక్షన్ ప్రకారం ఇచ్చినవాళ్లదీ లంచమే, తీసుకున్నవాళ్లదీ లంచమే. 173వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. తిండి, తాగుడు రూపంలో పెట్టిన దావత్ అయితే జరిమానా ఒక్కటే. కాబట్టి మండల ఆఫీసు నుంచి లెక్క తెచ్చి "ఇందులో పంచిన పైసలు ఏవి?" అని వెతికితే లాభం లేదు. ఆ పని జరిగేటప్పుడే పట్టుకోవాలి. ఆ గంటలోనే పోలీసులకు 112కు ఫోన్ చేయాలి, రిటర్నింగ్ అధికారికి చెప్పాలి, మండలంలో తిరిగే తనిఖీ బృందానికి చెప్పాలి. తెల్లారినాక చెప్తే సాక్ష్యం ఏమీ మిగలదు.

సీ-విజిల్ యాప్‌లో పెడితే సరిపోతుంది అనుకునేవాళ్లు ఉన్నారు. అది కేంద్ర ఎన్నికల సంఘానిది, అసెంబ్లీకి, పార్లమెంటుకు పనికొస్తుంది. పంచాయతీ, మండల, మున్సిపల్ ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, రాజ్యాంగంలో 243కె అధికరణం కింద వచ్చిన వేరే సంస్థ. మన ఫిర్యాదు అక్కడికే పోవాలి.

మా పక్కనే కమలాపూర్ మండలం హుజూరాబాద్ నియోజకవర్గంలోకి వస్తుంది. 2021 ఉప ఎన్నికలో అటువైపు కొన్ని ఊళ్లలో పక్కవాళ్లకు కవర్లు వచ్చాయి, మాకు రాలేదు అని జనం రోడ్డు మీదికి వచ్చారు. ఆ వార్తలు చూసి చాలామంది నవ్వారు. నాకు మాత్రం చాలా బాధనిపించింది, ఎందుకంటే అంత బాహాటంగా అడిగే స్థితికి మనుషులను తెచ్చిన పైసలు ఏ లెక్కలోనూ ఎక్కలేదు, ఎక్కవు కూడా. అందుకే నేను నోటుబుక్కు మీద ఇంత పట్టు పడుతున్నాను. పంచిన పైసలు దొరకకపోయినా టెంటు దొరుకుతుంది, డీజే దొరుకుతుంది, ఫ్లెక్సీ దొరుకుతుంది. వాటి మొత్తమే చాలా ఊళ్లలో పరిమితి దాటిపోతుంది.

"అభిమానులు పెట్టుకున్నారు, నాకేం సంబంధం?" అనే జవాబు మీకు తప్పకుండా వస్తుంది. దానికి న్యాయ సంహితలోనే జవాబు ఉంది. అభ్యర్థి రాతపూర్వకంగా ఒప్పుకోకుండా వేరేవాళ్లు ఆయన గెలుపు కోసం మీటింగులకు, ప్రకటనలకు ఖర్చు పెడితే 176వ సెక్షన్ కింద అది చెల్లని ఖర్చు, 10,000 రూపాయల దాకా జరిమానా. అంటే ఆ డీజే ఖర్చు అభ్యర్థి ఒప్పుకుంటే ఆయన లెక్కలో ఉండాలి, ఒప్పుకోకపోతే పెట్టినవాళ్ల మీద కేసు కావాలి. మూడో దారి లేదు.

ఏకగ్రీవం పేరుతో జరిగే వేలం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. గుడి కట్టిస్తా, బొడ్రాయి పండుగ చేయిస్తా, ఇన్ని లక్షలు ఊరి ఖాతాలో వేస్తా అని పాట పాడి, మిగిలినవాళ్లతో నామినేషన్లు వెనక్కి తీయించడం. ఊరికే కదా వస్తున్నాయి, తప్పేముంది అంటారు. చట్టంలో ఎన్నికల హక్కు అంటే ఓటు వేయడం ఒక్కటే కాదు, నిలబడటం, నిలబడకపోవడం, నామినేషన్ వెనక్కి తీసుకోవడం కూడా అందులోకే వస్తాయి. వాటి కోసం పైసలు ఇచ్చినా, ఇస్తానని మాటిచ్చినా లంచమే. అట్లా పాడిన రోజు మీ ఊళ్లో చదువుకుని, పని చేయాలని ఉండి, చేతిలో లక్షలు లేని పిల్ల గానీ పిల్లగాడు గానీ ఇక ఎప్పటికీ నిలబడరు. ఏకగ్రీవం తప్పు కాదు, నలుగురూ కూర్చుని మాట్లాడుకుని మంచి మనిషిని పెట్టుకోవచ్చు. పాట పాడి కొనుక్కోవడమే తప్పు.

లెక్క కాగితం తెచ్చుకోవడం

ఫలితం వచ్చిన రోజు నుంచి 45 రోజుల్లో పోటీ చేసిన ప్రతి అభ్యర్థి ఎంపీడీవోకు ఖర్చు లెక్క ఇవ్వాలి. గెలిచినా, ఓడినా, పోటీ లేకుండా ఎన్నికైనా ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే మూడేళ్లు అనర్హత, గెలిచినవాళ్లయితే పదవి కూడా పోతుంది. 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా ఎన్నికలు జరిగి అవే రోజుల్లో ఫలితాలు వచ్చాయి కాబట్టి 45 రోజులు లెక్కేస్తే 2026 జనవరి 25, 28, 31. మీ ఊరు ఏ విడతలో ఉందో చూసుకుని, గడువు దాటిన మరుసటి వారమే అడగండి.

ముందు నోటితో అడగండి. కొందరు అధికారులు మంచిగా తీసి చూపిస్తారు. "మీకెందుకమ్మా ఇవన్నీ" అంటే గొడవ పడకుండా సమాచార హక్కు దరఖాస్తు రాసి ఇవ్వండి. తెల్ల కాగితం చాలు, తెలుగులో రాస్తే చాలు, ఫారం ఏమీ లేదు. ఎందుకు అడుగుతున్నావని అడిగే అధికారం వాళ్లకు లేదు. మండల స్థాయి ఆఫీసుకు ఫీజు 5 రూపాయలు, కోర్టు ఫీజు స్టాంపు అంటించవచ్చు, పోస్టల్ ఆర్డర్ పెట్టవచ్చు, నగదు కట్టి రసీదు తీసుకోవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు రుజువు జత చేస్తే ఫీజు లేదు. నేను రాసేది ఇట్లా ఉంటుంది, మీరు ఊరి పేరు, తేదీలు మార్చుకోండి:

"పౌర సమాచార అధికారి గారికి, మండల పరిషత్ కార్యాలయం. ఆర్యా, సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద ఈ కింది సమాచారం కోరుతున్నాను. మా గ్రామ పంచాయతీకి 2025 డిసెంబరులో జరిగిన ఎన్నికల్లో సర్పంచ్ పదవికి పోటీ చేసిన అభ్యర్థులందరూ సమర్పించిన ఎన్నికల ఖర్చు లెక్కలు, వాటికి జతపరిచిన బిల్లులు, రోజువారీ రిజిస్టరు ప్రతులు ఇవ్వగలరు. ప్రతి అభ్యర్థి లెక్క మీ కార్యాలయానికి అందిన తేదీ తెలుపగలరు. గడువులోగా లెక్క ఇవ్వని అభ్యర్థుల జాబితా, వారికి పంపిన నోటీసుల ప్రతులు ఇవ్వగలరు. ప్రచార ఖర్చు లెక్కించడానికి వాడిన రేట్ల పట్టిక ఇవ్వగలరు. ప్రతులు ఇచ్చే ముందు ఈ దస్త్రాలను స్వయంగా చూసుకునే అవకాశం కల్పించగలరు."

ఆఖరి వాక్యం వదిలిపెట్టొద్దు. దస్త్రాలను కూర్చుని చూసే హక్కు కూడా ఆ చట్టమే ఇచ్చింది, మొదటి గంటకు పైసలు కట్టాల్సిన పని లేదు. చూసినాక మీకు కావాల్సిన పేజీలే తీసుకోవచ్చు, పేజీకి 2 రూపాయలు. రెండు కాపీలు రాసి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. ముద్ర లేని దరఖాస్తు ఇవ్వనట్టే లెక్క.

30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, లేదా సగం సగం ఇస్తే, ఇంకో 30 రోజుల్లోగా అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు వేయండి, దానికీ పలకకపోతే 90 రోజుల్లోగా హైదరాబాదులో తెలంగాణ సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కారణం లేకుండా ఆలస్యం చేసిన సమాచార అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది. "ఇది వ్యక్తిగత సమాచారం, ఇవ్వం" అని రాసి పంపితే భయపడొద్దు. ప్రజల ఓటు అడిగిన మనిషి చట్టం ప్రకారం ప్రభుత్వానికి ఇచ్చిన లెక్క అది. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చని సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(2) చెప్తుంది, బ్యాంకు ఖాతా నంబరు, ఫోన్ నంబరు లాంటివి కొట్టేసి మిగిలింది ఇవ్వవచ్చని సెక్షన్ 10 చెప్తుంది. ఈ రెండింటినీ అప్పీలులో రాయండి.

రెండు లెక్కలు పక్కపక్కన

కాగితం చేతికి వచ్చినాక మొత్తం అంకె చూసి ఆగిపోవద్దు. మొత్తం ఎప్పుడూ పరిమితికి లోపలే ఉంటుంది. తేదీలు చూడండి. మీ నోటుబుక్కులో డిసెంబరు 8న టెంటు, 200 కుర్చీలు, డీజే ఉంటే ఆయన రిజిస్టరులో ఆ రోజు ఏముందో చూడండి. ఏమీ లేదనుకోండి, అది ఒక తేడా. ఫ్లెక్సీలు 40 కనబడితే పది రాశారనుకోండి, అది ఇంకో తేడా. బిల్లులన్నీ ఒకే షాపువి, వరుస నంబర్లతో ఉంటే ఒకే రోజు కూర్చుని రాయించుకున్నారని తెలిసిపోతుంది. బిల్లు తేదీ నామినేషన్‌కు ముందు ఉందా, ఖాతాలో ఆ పైసలు అసలు కదిలాయా అన్నది కూడా చూడాలి. అట్లా దొరికిన తేడాలన్నీ ఒకటే పేజీలో రాయండి, ఎడమ పక్క మీరు చూసింది, కుడి పక్క ఆయన రాసింది, కింద రేట్ల పట్టిక ప్రకారం తేడా ఎంత. ఇరవై పేజీల ఫిర్యాదు ఎవరూ చదవరు, ఒక్క పేజీ చదువుతారు.

అన్ని అభ్యర్థుల లెక్కలూ తీసి అందరికీ ఒకే కొలత పెట్టండి. మీకు నచ్చిన మనిషి లెక్క తప్పున్నా అదే పేజీలోకి ఎక్కాలి. గెలిచినవాడి మీదే పెడితే ఓడినవాళ్ల కక్ష అంటారు, ఆ మాటలో నిజం కూడా ఉంటుంది.

ఆ పేజీని ఎంపీడీవోకు, జిల్లా ఎన్నికల అధికారిగా ఉండే కలెక్టరుకు, హైదరాబాదులో రాష్ట్ర ఎన్నికల సంఘానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అనర్హత వేసే అధికారం ఎన్నికల సంఘానిదే. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలో కూడా ఇవ్వవచ్చు, హనుమకొండ అయినా, వరంగల్, ములుగు, భూపాలపల్లి అయినా ఒకటే పద్ధతి. నలుగురు కలిసి పోండి, అందులో ఇద్దరు ఆడవాళ్లుంటే ఇంకా మంచిది. ఎన్నికనే రద్దు చేయమని అడగడం వేరే దారి, అది ఎన్నికల ట్రిబ్యునల్‌లో కేసు, దానికి గడువు తక్కువ, వకీలు లేకుండా దిగొద్దు.

వాట్సాప్ గ్రూపులో మాత్రం "దొంగ లెక్క" అని పేరు పెట్టి రాయకండి. మీరు నెల రోజులు కష్టపడి చేసిన పని ఆ ఒక్క మెసేజ్‌తో పరువు నష్టం గొడవగా మారుతుంది. ఊళ్లో చెప్పాలంటే గ్రామసభలో లేచి, రెండు కాగితాలు చేతిలో పట్టుకుని, తేదీలు, అంకెలు చదవండి. తిట్టొద్దు. "సర్పంచ్ సాబ్, డిసెంబరు 8 మీటింగు ఖర్చు మీ లెక్కలో కనబడట్లేదు, ఎవరు పెట్టారో ఊరికి చెప్పండి" అని అడిగి కూర్చోండి. జవాబును తీర్మానాల పుస్తకంలో రాయమనండి.

మీరే నిలబడుతుంటే

పైన చెప్పిందంతా మీకు తిరగేసి వర్తిస్తుంది. బ్యాంకు ఖాతా నామినేషన్‌కు ముందే తెరవండి, ఆఖరి రోజు బ్యాంకులో లైను చూసి టెన్షన్ పడొద్దు. చాయ్ బిల్లు కూడా రాయండి. ఎవరైనా ఆటో ఊరికే ఇస్తే దాని ధర కట్టి రాయండి. పైసలు చేతికి ఇచ్చినవాళ్ల పేరు, ఎంత అన్నది రాయండి, వాళ్లు మేనమామ అయినా సరే. ఏ రోజు రాయాల్సింది ఆ రోజే రాయండి, 44వ రోజు కూర్చుంటే సగం గుర్తుండదు.

2025లో చిన్నాయన బిడ్డ, మా చెల్లె, వార్డు మెంబరుగా నిలబడింది. "నాయినా, ఈసారి రిజిస్టరు నేనే రాస్త, నువ్వు ముట్టకు" అని మొదటి రోజే చెప్పింది. ప్రతి రాత్రి ఆ రోజు ఖర్చును ఒక తెల్ల కాగితం మీద రాసి పొద్దున్నే ఇంటి గేటుకు అంటించేది. మొదట్లో జనం నవ్వారు, నాలుగో రోజుకు పాలు పోయడానికి పోయేవాళ్లు ఆగి చదవడం మొదలుపెట్టారు, ఐదో రోజు ఎదుటి అభ్యర్థి భార్య వచ్చి "వదినా, ఈ కాగితం ఎట్లా రాయాలో మాకు కూడా చెప్పవా" అని అడిగింది. మొత్తం 11,340 అయింది, పరిమితి 30,000. ఫలితం వచ్చిన పన్నెండో రోజు చిన్నాయనే స్వయంగా మండల ఆఫీసుకు పోయి లెక్క ఇచ్చి, కాపీ మీద తేదీ ముద్ర పడేదాకా కౌంటరు దగ్గరే నిలబడి, ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వచ్చాడు.